మూడు దేశాల్లో చదివితే పట్టా ఎవరిస్తారు? చెల్లెలి సీటు గురించి, కాస్త అర్జెంట్

బైరాగిపట్టెడ_అన్న
మా చెల్లెలికి యూరప్‌లో పలు యూనివర్సిటీలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండుస్ మాస్టర్స్‌లో సీటు వచ్చింది, స్కాలర్‌షిప్‌తో సహా. బీటెక్ సివిల్ చేసింది. ఇది నీటి వనరుల కోర్సు. మొదటి సెమిస్టర్ ఇటలీ, రెండోది ఫ్రాన్స్, మూడోది జర్మనీ, థీసిస్ ఫ్రాన్స్‌లో గానీ జర్మనీలో గానీ చేసుకోవచ్చు. ఇంట్లో పండగే పండగ. ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టి పంపడానికి వచ్చే శుక్రవారం దాకానే టైముంది. మా నాయన మాత్రం ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. "మూడు కాలేజీలు తిరిగితే సర్టిఫికెట్ ఎవరిస్తారు? అది మన దగ్గర చెల్లుతుందా?"

ఆఫర్ లెటర్‌లో "జాయింట్ లేదా మల్టిపుల్ డిగ్రీ" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఒక కన్సల్టెన్సీలో అడిగితే "మూడు ఎంఎస్‌లు ఒకేసారి వస్తాయి, అదృష్టవంతులు" అన్నాడు. అదే వీధిలో ఇంకో ఆయన "అది డిగ్రీ కాదు, ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాం, ఇండియాలో పనికిరాదు" అన్నాడు. చెల్లికి తిరిగొచ్చి ఇక్కడే ఏదైనా యూనివర్సిటీలో పాఠం చెప్పాలని ఆశ. మూడు దేశాల మార్కులు ఎట్లా కలుపుతారో కూడా అర్థం కావడం లేదు. చదివినవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు ఉంటే చెప్పండి. నాయనకు నిద్ర పట్టడం లేదు.

కపిలతీర్థం_వాన
ఆ స్కాలర్‌షిప్ రావడమే పెద్ద విషయం. ముందు చెల్లెల్ని మెచ్చుకో, టెన్షన్ తర్వాత పడొచ్చు.

కొర్లగుంట_77
నా మాట కాస్త కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. ఆరు నెలలకో దేశం, ఆరు నెలలకో ఇల్లు, ప్రతిసారీ కొత్త భాష. వేరుశనగ కూడా ఒకచోట ఉంటేనే ఊడ దిగేది. అదేదో జర్మనీలో ఒకే యూనివర్సిటీలో రెండేళ్లు చదివితే ఒక పేరు, ఒక పట్టా, ఎవరికీ వివరించే పని ఉండదు. మా అన్న కొడుకు అట్లానే వెళ్లాడు, బాగున్నాడు.

రేణిగుంట_రైలు
నేను 2019లో ఇలాంటి దాంట్లోనే చేరి 2021లో ముగించాను. అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నాను.

కన్సల్టెన్సీ వాళ్లు ఇద్దరూ తప్పే చెప్పారు. జాయింట్ డిగ్రీ అంటే ఒకే కాగితం, దాని మీద అన్ని యూనివర్సిటీల పేర్లు, సంతకాలు ఉంటాయి. డబుల్ అంటే రెండు యూనివర్సిటీలు విడివిడిగా ఇచ్చే రెండు కాగితాలు. మల్టిపుల్ అంటే అంతకన్నా ఎక్కువ. ఏది ఇవ్వాలన్నది ప్రోగ్రాం వాళ్ల ఇష్టం మాత్రమే కాదు, ఆయా దేశాల చట్టం కూడా. పరాయి దేశపు యూనివర్సిటీతో కలిసి ఒకే పట్టా మీద సంతకం పెట్టడానికి అన్ని చట్టాలూ ఒకేలా ఒప్పుకోవు. నెదర్లాండ్స్‌లో 2010లో గానీ దానికి చట్టంలో దారి దొరకలేదు. ఎరాస్మస్ ముండుస్ అడిగేది ఒక్కటే: కనీసం రెండు వేర్వేరు దేశాల యూనివర్సిటీలు డిగ్రీ ఇవ్వాలి, ఒకే కాగితంగా అయినా సరే, విడివిడిగా అయినా సరే.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. గుంపులో ఉన్న ప్రతి యూనివర్సిటీ పట్టా ఇవ్వదు. కొన్ని అసోసియేటెడ్ పార్టనర్లు ఉంటాయి, అవి పాఠమో ప్రాజెక్టో చెప్పి పంపిస్తాయి. పట్టా ఇచ్చేవాటిలో కూడా నువ్వు తీసుకున్న ట్రాక్‌ని బట్టే వస్తుంది. నా బ్యాచ్‌లో ఒకే క్లాసులో కూర్చున్న ఇద్దరికి వేర్వేరు యూనివర్సిటీల పట్టాలు వచ్చాయి.

కోఆర్డినేటర్‌కి ఈ రాత్రే మెయిల్ పెట్టించు. నా ట్రాక్‌లో పట్టా ఇచ్చే యూనివర్సిటీలు ఏవి, ఎన్ని కాగితాలు వస్తాయి, ఆ దేశపు భాషలో ఆ డిగ్రీ అధికారిక పేరేమిటి, డిప్లొమా సప్లిమెంట్ (పట్టాతో పాటు ఇచ్చే వివరాల పత్రం) ఒకటా రెండా. చేరేముందు సంతకం పెట్టే స్టూడెంట్ అగ్రిమెంట్ కూడా ఇప్పుడే అడిగి తెప్పించుకో. ఇవన్నీ ఉండేది అందులోనే.

కొర్లగుంట_77
@రేణిగుంట_రైలు రెండు యూనివర్సిటీలు రెండు పట్టాలిస్తే రెండు ఎంఎస్‌లే కదా తమ్ముడూ. కాగితాలు రెండు కనపడుతుంటే ఒకటేనంటే ఎట్లా?

రేణిగుంట_రైలు
చదివింది ఎంత అన్నది చూడాలన్నా. రెండేళ్లకి 120 ఈసీటీఎస్ క్రెడిట్లు (యూరప్‌లో చదువును కొలిచే లెక్క), ఒక్క థీసిస్. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. అదే 120కి ఇద్దరూ ముద్ర వేస్తున్నారు, 240కి కాదు. నేను రెజ్యూమెలో ఒకే లైన్‌గా రాసి, పక్కన రెండు యూనివర్సిటీల పేర్లు పెట్టాను. రెండు ఎంఎస్‌లని రాసిన ఒక ఫ్రెండ్‌కి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో తేదీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. హెచ్ఆర్ మూడు వారాలు ఆపేశారు.

యూనివర్సిటీ_క్వార్టర్స్
మన యూజీసీ కూడా ఇదే చెబుతుంది. భారత, విదేశీ యూనివర్సిటీలు కలిసి నడిపే కోర్సుల కోసం 2022లో నిబంధనలు తెచ్చారు. వాటి ప్రకారం జాయింట్ డిగ్రీలో రెండు వైపులా కనీసం 30 శాతం చొప్పున క్రెడిట్లు చదవాలి, ఒకే సర్టిఫికెట్ మీద ఇద్దరి ముద్రలూ ఉంటాయి. డ్యూయల్ డిగ్రీ అయితే ఇద్దరూ విడిగా ఇస్తారు. కానీ దాన్ని వేర్వేరు సబ్జెక్టుల్లో చదివిన రెండు డిగ్రీలుగా లెక్కపెట్టకూడదని అందులోనే రాసి ఉంది. ఆ దారిలో ఇక్కడే చదివినవాళ్లకు మళ్లీ ఈక్వివలెన్స్, అంటే మన డిగ్రీతో సమానమనే గుర్తింపు, అడిగే పని లేదు. మీ చెల్లెలిది పూర్తిగా బయట చదివే కోర్సు కాబట్టి ఆ వెసులుబాటు రాదు. దాని గురించి వివరంగా రాత్రికి రాస్తాను, ఇప్పుడు క్లాసుకు వెళ్లాలి.

పద్మావతిపురం
నాకూ ఒక డౌట్. మన కాలేజీలకు న్యాక్ గ్రేడ్ ఉన్నట్టు వాళ్లకు ఏముంటుంది? ఎరాస్మస్ ముండుస్ అని పేరుంటే అదే అక్రెడిటేషన్ కాదా? మా అబ్బాయి కూడా వచ్చే ఏడాదికి అప్లై చేస్తానంటున్నాడు.

రేణిగుంట_రైలు
కాదక్కా. ఎరాస్మస్ ముండుస్ అంటే యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే పథకం. 2004లో మొదలైంది. పోటీలో మంచి ప్రోగ్రాంలను ఎంచుకుని నిధులిస్తుంది, పిల్లలకు ఇప్పుడు నెలకు 1,400 యూరోల చొప్పున గరిష్ఠంగా 24 నెలలు ఇస్తుంది, ఫీజు కట్టక్కర్లేదు. డిగ్రీకి గుర్తింపు ఇచ్చేది మాత్రం ఆయా దేశాల అక్రెడిటేషన్ ఏజెన్సీలే.

మూడు దేశాలంటే ఒకే కోర్సును ముగ్గురు మూడు రకాల ఫారాలతో తనిఖీ చేయాల్సి వచ్చేది. ఒకరు థీసిస్‌కి ఇన్ని క్రెడిట్లు ఉండాలంటే ఇంకొకరు ఒప్పుకునేవాళ్లు కాదు. ఆ చిక్కు తీర్చడానికి 2015లో ఆర్మీనియాలోని యెరెవాన్‌లో విద్యా మంత్రులు కూర్చుని ఒక ఉమ్మడి పద్ధతికి ఒప్పుకున్నారు. యూరోపియన్ అప్రోచ్ అంటారు. ఈక్వార్ అనే రిజిస్టర్‌లో ఉన్న ఏ ఏజెన్సీ అయినా మొత్తం ప్రోగ్రాంని ఒకేసారి పరీక్షించవచ్చు. అయితే అన్ని దేశాలూ దాన్ని పూర్తిగా అమలు చేయడం లేదు. అందుకే ఇప్పటికీ చాలా ప్రోగ్రాంలకు దేశానికో అక్రెడిటేషన్ విడిగా ఉంటుంది. డీఈక్వార్ అనే ఉచిత డేటాబేస్‌లో యూనివర్సిటీ పేరు కొట్టి చూడండి, రిపోర్టులు అక్కడే ఉంటాయి. మీ అబ్బాయి చేత ఈ పని అప్లై చేయకముందే చేయించండి.

పద్మావతిపురం
ఇప్పుడే కూర్చుని చూస్తున్నాం. వాడు అనుకున్న ఐదింట్లో ఒకదాని పట్టా ఇచ్చే యూనివర్సిటీ పేరే కనపడటం లేదు. కోఆర్డినేటర్‌ని అడగమన్నాను.

మామిడితోట_చిత్తూరు
ఆడపిల్ల తండ్రిగా రాస్తున్నాను, మీ నాయనకు చదివి వినిపించు బాబూ. మా అమ్మాయి ఇలాంటి కోర్సే చేసి వచ్చింది. డబుల్ డిగ్రీ. చదువు అయిపోయిన రోజున చేతిలో పెట్టింది ఒక తాత్కాలిక సర్టిఫికెట్ మాత్రమే. అసలు పట్టాలు ఇంటికొచ్చేసరికి మొదటిది ఐదు నెలలు, రెండోది తొమ్మిది నెలలు పట్టింది. ఆ తొమ్మిది నెలలూ కొరియర్ వాడి బండి చప్పుడైతే చాలు, తోటలోంచి గేటు దాకా వచ్చేవాణ్ణి.

వచ్చాక ట్యూబ్‌లైట్ కింద పెట్టి రెండూ పక్కపక్కన చూశాను. ఇటలీ వాళ్లది పెద్ద అట్ట, బంగారు రంగు అంచు. ఫ్రాన్స్ వాళ్లది మామూలు కాగితంలా ఉంది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటేనే లోపల గుర్తు కనపడింది. అప్పుడు కంటపడింది అసలు సంగతి. ఒకదాంట్లో మా ఇంటిపేరు చివర, ఇంకోదాంట్లో ఇంటిపేరు ముందు, పెద్దక్షరాల్లో. ఇక్కడి బీటెక్ పట్టాలో ఇంటిపేరు అసలు లేదు, ఒక్క అక్షరమే ఉంది. ముగ్గురూ ఒకే మనిషి అని రుజువు చేయడానికి చిత్తూరు కోర్టు దగ్గర నోటరీ, అఫిడవిట్, మళ్లీ వాటి కాపీలు. వెళ్లకముందే పాస్‌పోర్టు, టెన్త్ మెమో, డిగ్రీ, మూడింట్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. అక్కడివాళ్లు పాస్‌పోర్టులో ఏముంటే అది అచ్చేస్తారు.

ఇంకోటి. ఏ దేశపు పట్టాకి ఆ దేశంలోనే అపోస్టిల్ (బయటి దేశాల్లో చెల్లేలా వేసే అధికారిక ముద్ర) వేయించాలి. వచ్చేశాక మళ్లీ కొరియర్‌లో పంపి వేయించుకున్నాం, ప్రాణం ఉసూరుమంది.

పుత్తూరు_పిల్ల
అంకుల్ చెప్పిన ఇంటిపేరు సంగతి అక్షరాలా నిజం. నేను ఇప్పుడు మూడో సెమిస్టర్‌లో ఉన్నాను. మాకు హాస్టల్ అగ్రిమెంట్, బ్యాంక్ అకౌంట్, స్టూడెంట్ కార్డు, మూడింట్లో మూడు పేర్లు.

పాకాల_లెక్కల_మేష్టారు
మార్కుల సంగతి ఎవరూ ఎత్తుకోలేదు. అసలు కథ అక్కడే ఉంది.

ఇటలీలో ఒక్కో పరీక్షకు 30 మార్కులు, 18 వస్తే పాస్. మొత్తం డిగ్రీకి 110. ఫ్రాన్స్‌లో 20కి, 10 వస్తే పాస్. జర్మనీలో తలకిందులు: 1.0 అన్నిటికన్నా మంచిది, 4.0 వరకు పాస్, 5.0 ఫెయిల్. వీటిని ఒకదాంట్లోకి మార్చడానికి జర్మనీలో ఒక సూత్రం వాడతారు. గరిష్ఠ మార్కులోంచి వచ్చిన మార్కు తీసేయండి. దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించండి. మూడుతో హెచ్చవేసి ఒకటి కలపండి.

అమ్మాయికి ఇటలీలో 27 వచ్చిందనుకోండి. 30లో 27 పోతే 3, భాగించేది 12తో, పావు. మూడు పావులు 0.75, ఒకటి కలిపితే 1.75. జర్మనీలో అది "గూట్", అంటే మంచి మార్కు. ఫ్రాన్స్‌లో 14 వచ్చిందనుకోండి. 6 బై 10, దాన్ని మూడుతో హెచ్చిస్తే 1.8, ఒకటి కలిపితే 2.8. జర్మనీలో అది మూడో మెట్టు, పర్వాలేదు అనిపించుకునే మార్కు. కానీ ఫ్రాన్స్‌లో 14 అంటే "బియాఁ", పేపరు దిద్దినవాళ్లు మెచ్చుకుని ఇచ్చిన మార్కు. అక్కడ 16 దాటేది బహు కొద్దిమంది. అమ్మాయి రెండుచోట్లా ఒకేలా కష్టపడినా సూత్రం ఫ్రాన్స్ దగ్గర కోత పెట్టేస్తుంది.

ఈ అన్యాయం తగ్గించడానికే ఈసీటీఎస్ గ్రేడింగ్ టేబుల్ వచ్చింది. వెనక A నుంచి E దాకా అక్షరాలు ఉండేవి, పాసైనవాళ్లలో పై 10 శాతానికి A, తర్వాతి 25కి B, అట్లా. 2009 ఈసీటీఎస్ గైడ్‌లో దాన్ని పక్కన పెట్టి, ప్రతి యూనివర్సిటీ తన దగ్గర ఏ మార్కు ఎంతమందికి వస్తుందో పట్టిక ఇవ్వాలన్నారు. ఫ్రాన్స్‌లో 14, ఆపైన తెచ్చుకున్నవాళ్లు పై పాతిక శాతంలో ఉంటే, జర్మనీలో పై పాతిక శాతానికి ఏ మార్కు వస్తుందో చూసి అది వేస్తారు. ఈ లెక్కకి న్యాయం ఉంది. మీ చెల్లెలి ప్రోగ్రాం సూత్రం వాడుతుందో పట్టిక వాడుతుందో తప్పకుండా అడగండి.

కపిలతీర్థం_వాన
మేష్టారూ, నేను మీ స్టూడెంట్‌ని అయి ఉంటే లెక్కల్లో తప్పేవాణ్ణి కాదు. ఒక్క డౌట్. ఫ్రాన్స్‌లో 14 అంటే మన ఇంట్లో "డెబ్భై శాతమేనా" అంటారు కదా?

పాకాల_లెక్కల_మేష్టారు
అంటారు. అందుకే మార్కుల లిస్టు ఒక్కటే చూపించవద్దు. పట్టిక కూడా పక్కన పెట్టి చూపించాలి.

పుత్తూరు_పిల్ల
ఇటలీలో ఎక్కువ పరీక్షలు నోటితోనే. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని తెల్ల కాగితం మీద గీస్తూ చెప్పాలి. వెనక బెంచీల్లో మిగతావాళ్లు కూర్చుని వింటుంటారు. అయిపోగానే మార్కు చెప్పి, సమ్మతమేనా అని అడుగుతారు. చాలాచోట్ల వద్దనొచ్చు, వద్దంటే ఆ మార్కు పోతుంది, తర్వాతి విడతలో మళ్లీ వెళ్లాలి. మా నెల్లూరు అబ్బాయికి 26 అన్నారు. వాడు సంబరంగా మనవాళ్లు సరే అన్నట్టు తల అటూ ఇటూ ఊపాడు. ఆయన వద్దంటున్నాడనుకుని పెన్ను తీసి కొట్టేయబోయారు. వెనక నుంచి నేను లేచి "సీ, సీ" (అవును, అవును) అని అరిస్తే ఆగారు.

ఫ్రాన్స్‌లో ఇంకో రకం. ఒక సబ్జెక్టులో 9 వచ్చినా మిగతావాటితో సగటు 10 దాటితే చాలాచోట్ల గట్టెక్కిస్తారు. జర్మనీలో అట్లా ఉండదు, ఫెయిలైతే మళ్లీ రాసే అవకాశాలు లెక్కపెట్టి ఇస్తారు. మా ప్రోగ్రాంలో మొదటి ఏడాది 60లో 45 క్రెడిట్లు లేకపోతే రెండో ఏడాదికి పంపరు. ఇటలీలో మిగిలిపోయిన పరీక్ష కోసం ఫ్రాన్స్ నుంచి బస్సులో 11 గంటలు వెళ్లి రాసొచ్చిన అమ్మాయి మా బ్యాచ్‌లో ఉంది. అక్కా, మొదటి విడతలోనే రాసేసెయ్, మిగిల్చుకోవద్దు.

కొర్లగుంట_77
అదీ నేను చెప్పేది. ఇన్ని రకాల రూళ్ల మధ్య పిల్ల నలిగిపోదా?

పుత్తూరు_పిల్ల
నలిగాను అంకుల్, దాచను. ఫ్రాన్స్ వెళ్లిన మొదటి నెల రోజూ రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను. కానీ వరద నీటి లెక్కని ఇటలీలో ఒక పద్ధతిలో, ఫ్రాన్స్‌లో ఇంకో పద్ధతిలో నేర్చుకున్నాను. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడగలను. మా స్వర్ణముఖి గురించి థీసిస్ రాయమని ప్రొఫెసరే అడిగారు. ఒకేచోట ఉంటే ఆ అవకాశం వచ్చేదని నేననుకోను.

కొర్లగుంట_77
స్వర్ణముఖి మీదా? అయితే నా మాట వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ. 2015 వానల్లో, 2021లో నవంబర్‌లో మేం చూశాం ఆ నీళ్లు. రాయి, బాగా రాయి.

యూనివర్సిటీ_క్వార్టర్స్
పొద్దున బాకీ పడ్డది ఇప్పుడు రాస్తున్నాను.

విదేశీ డిగ్రీకి ఈక్వివలెన్స్ ఇచ్చే పని చాలా ఏళ్లు ఏఐయూ (భారత యూనివర్సిటీల సంఘం) చేసింది. 2025 ఏప్రిల్‌లో యూజీసీ ప్రత్యేకంగా నిబంధనలు నోటిఫై చేసి, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే తానే సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు చేసింది. ముఖ్యంగా చూసేవి ఇవీ: ఆ యూనివర్సిటీకి సొంత దేశంలో గుర్తింపు ఉందా, చేర్చుకునే అర్హత మన దగ్గరి అర్హతతో పోలుతుందా, చదివిన క్రెడిట్లు, కాలం సరిపోతాయా. ఫ్రాంచైజీ పద్ధతిలో ఇచ్చిన డిగ్రీలు చెల్లవు. మెడిసిన్, ఫార్మసీ, నర్సింగ్, లా, ఆర్కిటెక్చర్ లాంటి వాటికి వాటి కౌన్సిళ్ల దారి వేరే. ప్రైవేట్ ఉద్యోగాల్లో ఇదంతా అడగడం అరుదు. పీహెచ్‌డీ, యూనివర్సిటీ ఉద్యోగం అంటే అడుగుతారు.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 2018 యూజీసీ నిబంధనల ప్రకారం మాస్టర్స్‌లో 55 శాతం గానీ దానికి సమానమైన గ్రేడ్ గానీ ఉండాలి. ఇంజనీరింగ్ కాలేజీలకు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ రూళ్లు కూడా చూసుకోవాలి. చిక్కేమిటంటే యూరప్ మార్కుల లిస్టులో శాతం అనే మాటే ఉండదు. ఇంటర్వ్యూ బోర్డు ముందు అభ్యర్థి సొంతంగా లెక్కేసుకొచ్చిన శాతం నిలవదు. నేను స్క్రూటినీలో కూర్చున్న ఒకసారి మంచి అభ్యర్థి ఫైలు ఈ ఒక్క కారణానికి పక్కకు పోయింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది. కాబట్టి బయల్దేరేముందు అక్కడి ఆఫీసులో గ్రేడింగ్ పట్టిక, గరిష్ఠ మార్కు, పాస్ మార్కు రాసిన లెటర్ సంతకంతో తీసుకోవాలి. ఉద్యోగం నోటిఫికేషన్ వచ్చాక అడిగితే వాళ్లు పంపేలోపు గడువు అయిపోతుంది.

డిప్లొమా సప్లిమెంట్‌ని మాత్రం పారేయొద్దు. యూరోపియన్ కమిషన్, కౌన్సిల్ ఆఫ్ యూరప్, యునెస్కో కలిసి రూపొందించిన నమూనా అది, ఎనిమిది భాగాలు. నాలుగో భాగంలో మార్కులు, ఐదో భాగంలో పై చదువుకి అర్హత ఉందా లేదా, ఎనిమిదిలో ఆ దేశపు విద్యా వ్యవస్థ. పట్టా కన్నా మా కమిటీలో ఎక్కువసేపు చదివేది దాన్నే.

మామిడితోట_చిత్తూరు
@యూనివర్సిటీ_క్వార్టర్స్ మేడం, మా అమ్మాయి ఆ సప్లిమెంట్‌ని ఫోల్డర్ వెనక జేబులో మడిచి పెట్టేసింది. ఇప్పుడే తీయించి లామినేషన్ చేయిద్దామంటే...

యూనివర్సిటీ_క్వార్టర్స్
లామినేషన్ వద్దండీ. తర్వాత ముద్రలు వేయించాల్సి వస్తే కుదరదు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి చాలు.

బైరాగిపట్టెడ_అన్న
అందరికీ చేతులెత్తి దండం. రేణిగుంట అన్న చెప్పినట్టే ఆ రాత్రి మెయిల్ పెట్టాం, రెండో రోజుకే జవాబొచ్చింది. చెల్లి ట్రాక్‌లో రెండు పట్టాలు. ఒకటి ఇటలీది ఎటూ వస్తుంది. రెండోది థీసిస్ ఎక్కడ చేస్తే అక్కడిది. అంటే జర్మనీలో థీసిస్ చేస్తే ఫ్రాన్స్‌లో చదివిన సెమిస్టర్‌కి మార్కుల లిస్టు మాత్రమే వస్తుంది, పట్టా రాదు. ఇది ఎవరూ అడగకపోతే మాకు చివరి సెమిస్టర్‌లో తెలిసేది. రెండు యూనివర్సిటీల్లోనూ కోర్సుకి అక్రెడిటేషన్ ఉందని లింకులిచ్చారు, చూశాం, ఉన్నాయి. మార్కులకి పట్టికే వాడతారట, సూత్రం కాదు. మేష్టారి లెక్క చూపించి అడిగితే కోఆర్డినేటర్ మేడం "చాలా మంచి ప్రశ్న" అని రాశారు.

నాయన ఆ మెయిల్‌ని ప్రింట్ తీయించుకుని, కళ్లజోడు పెట్టుకుని, వాకిట్లో అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాడు. నిన్న మధ్యాహ్నం చెల్లి సంతకం పెట్టి పంపేసింది. కాకపోతే మామిడితోట గారు చెప్పాక బీరువాలోంచి కాగితాలన్నీ తీసి చూస్తే టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక స్పెల్లింగ్, పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్. ఒక్క హెచ్ తేడా. ఎల్లుండి పొద్దున తొమ్మిదిన్నరకి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అపాయింట్‌మెంట్ దొరికింది. ఏమేం కాగితాలు తీసుకెళ్లాలో తెలిసినవాళ్లు చెప్పండి.

మామిడితోట_చిత్తూరు
టెన్త్ మెమో ఒరిజినల్, ఆధార్, పాత పాస్‌పోర్టు. అన్నిటికీ రెండేసి జెరాక్సులు. అరగంట ముందే వెళ్లండి, అమ్మాయిని టిఫిన్ తినే బయల్దేరమను.